మనిషి మంచోడైతే సర్కారు ఎందుకు? చెడ్డోడైతే ఆ సర్కారులో కూర్చునేదెవరు?

హన్మకొండ_పీజీ

అందరికీ నమస్తే. పొలిటికల్ సైన్స్ పీజీ ఫైనలియర్‌లో ఉన్నాను. ‘మనిషి స్వభావం, ప్రభుత్వ అవసరం’ అని సెమినార్ టాపిక్ ఇచ్చారు. ప్రభుత్వం ఎందుకు పుట్టిందో రాసిన యూరప్ తత్వవేత్తలు హాబ్స్, లాక్, రూసో ముగ్గురినీ చదివాను. చదువుతున్నంతసేపు ముగ్గురూ కరెక్టే అనిపిస్తున్నారు. పుస్తకం పక్కన పెట్టి మా వీధిని చూస్తే ఒక్కరూ సరిపోవడం లేదు.

హాబ్స్ ఏమంటాడంటే, అందరినీ అదుపులో పెట్టే ఒక అధికారం లేకపోతే ప్రతి మనిషికీ ప్రతి మనిషితో యుద్ధమే. పండించింది దక్కుతుందన్న నమ్మకం ఉండదు కాబట్టి సేద్యం కూడా ఉండదంటాడు. రూసో దీనికి ఎదురు. మనిషికి పుట్టుకతోనే జాలి ఉంది, ఆస్తులూ హోదాలూ వచ్చాకే చెడిపోయాడు అంటాడు.

2023 జులై వరదలప్పుడు మా కాలనీలోకి నడుము లోతు నీళ్ళు వచ్చాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పోలీసు గానీ ఆఫీసర్ గానీ మా గల్లీ దాకా రాలేని పరిస్థితి. హాబ్స్ ప్రకారం అప్పుడే మేము కొట్టుకు చావాలి. కానీ మేడ ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ తలుపులు తీసి కింది ఇళ్ళవాళ్ళను పైకి ఎక్కించుకున్నారు. ప్రహరీ గోడ తగాదాతో ఏళ్ళ తరబడి మాటల్లేని రెండు కుటుంబాలు ఒకే సిలిండర్ మీద అన్నం వండి గల్లీకంతా పెట్టాయి. మా పక్కింటి ముసలమ్మను ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్లలు ప్లాస్టిక్ డ్రమ్ముల మీద కూర్చోబెట్టి తీసుకుపోయారు.

మరి ఆ నీళ్ళు ఎట్లా వచ్చాయి? నాలా పక్క ఇళ్ళన్నీ తలా రెండడుగులు, మూడడుగులు ముందుకు జరిగాయి. వెడల్పు నాలా సందులాగా అయిపోయింది. ఆ గోడలు కట్టింది కూడా మా కాలనీ వాళ్ళే. పక్కవాణ్ణి ముంచాలని ఎవరూ కట్టలేదు. అన్నం పెట్టిన చేతులూ అవే, గోడ జరిపిన చేతులూ అవే. ఇందులో మనిషి అసలు స్వభావం ఏది?

రెండో ప్రశ్న నన్ను ఇంకా ఇబ్బంది పెడుతోంది. మనిషి చెడ్డవాడు కాబట్టి సర్కారు కావాలి అంటే, సర్కారు నడిపేదీ మనుషులే కదా. వాళ్ళకు స్వభావం మారిపోతుందా? దీనికి తృప్తిగా ఉండే జవాబు నాకు ఎక్కడా దొరకలేదు. మన ఉత్తర తెలంగాణ ఉదాహరణలతో ఎవరైనా చెప్తే చాలా సాయం చేసినవాళ్ళవుతారు.

కరీంనగర్_లెక్చరర్

అమ్మా, ముందు హాబ్స్‌కు కొంచెం న్యాయం చేద్దాం. ‘మనిషి చెడ్డవాడు అన్నది హాబ్స్’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. ఆ ముక్కతో పరీక్ష పాసవుతారు గానీ హాబ్స్ అర్థం కాడు. ఆయన పుట్టింది 1588లో, స్పెయిన్ నౌకలు మీద పడబోతున్నాయని ఇంగ్లండ్ అంతా భయపడుతున్న ఏడాది. 1642లో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం మొదలైంది. 1649లో రాజు తల నరికారు. ‘లెవయథాన్’ వచ్చింది 1651లో. యుద్ధం ఎట్లా ఉంటుందో తెలిసిన కాలపు మనిషి రాసిన పుస్తకం అది.

ఆయన వాదన సమానత్వంతో మొదలవుతుంది. ఎంత బలహీనుడైనా అదను చూసి, లేదా నలుగురితో కలిసి, బలవంతుణ్ణి చంపగలడు. అందుకే ఎవరికీ నిశ్చింత లేదు. గొడవలకు మూడు కారణాలు చెప్పాడు: పోటీ, అపనమ్మకం, పేరు కోసం పాకులాట. మధ్యదాన్ని బాగా పట్టుకో. పక్కవాడు మంచివాడే కావచ్చు, కానీ వాడు ముందు చెయ్యి చేసుకుంటాడేమోనని నేను ముందు చేసుకుంటాను. ఇందుకు దుర్మార్గం అక్కర్లేదు, అనుమానం చాలు.

రూసో కూడా అడవికి తిరిగిపొమ్మనలేదు. ఒక జాగా చుట్టూ కంచె వేసి ‘ఇది నాది’ అని, ఆ మాట నమ్మే అమాయకులను దొరకబుచ్చుకున్నవాడే ఈ సమాజానికి పునాది వేశాడని 1755లో రాశాడు. మీ నాలా గోడలకు ఆ మాట పనికొస్తుంది. 1762లో రాసిన పుస్తకంలో మాత్రం చట్టం కావాలనే అన్నాడు, కాకపోతే అది అందరూ కలిసి తమకు తాము పెట్టుకున్న చట్టం కావాలన్నాడు.

నీ రెండో ప్రశ్న మనవాళ్ళకూ వచ్చింది. మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు చెప్తాడు: మొదట్లో రాజ్యం లేదు, రాజు లేడు, దండం లేదు, దండించేవాడూ లేడు, ధర్మంతోనే జనం ఒకరినొకరు కాపాడుకున్నారు. తర్వాత మోహం పట్టింది, దాని వెంట లోభం వచ్చింది. అదే పర్వంలో ఇంకోచోట, నీళ్ళలో చేపల్లాగా బలవంతులు బలహీనులను తినడం మొదలుపెడితే జనం మనువు దగ్గరికి పోయి రాజుగా ఉండమంటారు. ఆయన వెంటనే ఒప్పుకోడు. ‘పాపం చుట్టుకుంటుందని భయంగా ఉంది, రాజ్యం నడపడం చాలా కష్టం, ఎప్పుడూ అబద్ధంగా నడిచే మనుషుల మధ్య మరీ కష్టం’ అంటాడు. పాపం చేసినవాడికే అంటుతుందిలే అని జనం నచ్చజెప్పి, పశువుల్లో, బంగారంలో యాభయ్యో వంతు, ధాన్యంలో పదో వంతు ఇస్తామంటారు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కూడా ఈ కథ ఉంది, అక్కడ ధాన్యంలో ఆరో వంతు. బౌద్ధుల అగ్గఞ్ఞ సుత్తంలో వరి దొంగతనాలు పెరిగాక, జనం తమలోంచే ఒకణ్ణి ఎన్నుకుని వడ్లలో వాటా ఇస్తామంటారు. మూడు చోట్లా కాపలాకు కూలి మాట్లాడుకున్నట్టే ఉంది చూడు. జనం ఒప్పుకుని తమ ఆస్తిపాస్తుల కాపలాకే ప్రభుత్వాన్ని పెట్టుకున్నారని లాక్ అంటాడు కదా, సెమినార్‌లో ఈ మూడింటినీ ఆయన పక్కన పెట్టి చదువు. నీ వీధికీ వీటికీ లంకె ఎవరైనా రైతు చెప్తే బాగుంటుంది.

మత్తడి_కింద

సార్ రైతును పిలిచారు కాబట్టి రాస్తున్నాను. మాది నర్సంపేట వైపు ఊరు. డిగ్రీలో ఫిలాసఫీ ఒక సబ్జెక్టు, అప్పటి నుంచి చదవడం మానలేదు. ఇప్పుడు చెరువు కింద వ్యవసాయం చేస్తున్నాను.

చెల్లె, ‘అసలు స్వభావం ఏది’ అన్న దగ్గర ఆగిపోకు. తలుపు తీసినవాడూ గోడ జరిపినవాడూ ఒక్కడే, రెండు పనులూ ఒకే స్వభావంతో చేశాడు. కళ్ళ ముందు తడిసిన పిల్ల కనిపించింది, తలుపు తీశాడు. కళ్ళ ముందు రెండడుగుల జాగా కనిపించింది, గోడ జరిపాడు. ఆ గోడ వల్ల ఎగువన ఎవరింట్లోకి నీళ్ళు ఎగదన్నుతాయో అతనికి కనిపించలేదు. మనిషి దగ్గరిదాన్ని చూసినంత గట్టిగా దూరందాన్ని చూడలేడు. ప్రభుత్వం అవసరం అక్కడ పుడుతుంది. ఇది నా సొంత తెలివి కాదు. స్కాట్లండ్‌కు చెందిన డేవిడ్ హ్యూమ్ 1739-40లో వచ్చిన పుస్తకంలో రాసిన సంగతి. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు తమ ఉమ్మడి గడ్డిబీడులో నిలిచిన నీళ్ళను తోడుకోవాలంటే మాట్లాడుకుని తోడుకుంటారు, ఎందుకంటే ఒకడు తప్పుకుంటే పని ఆగిపోతుందని ఇద్దరికీ కనిపిస్తుంది. వెయ్యిమంది అయితే అది జరగదు, ప్రతివాడూ బరువు పక్కవాడి మీద వేయాలని చూస్తాడు అంటాడు. మీ సిలబస్‌లో ముగ్గురే ఉంటే ఉండనీ, నువ్వు నాలుగో మనిషిని పట్టుకో.

మా తాత మా ఊరి చెరువుకు నీరటి, అంటే వంతు ప్రకారం పొలాలకు నీళ్ళు పంచే మనిషి. వానాకాలం చెరువు నిండి మత్తడి దుంకితే ఎవరికీ తగాదా లేదు. తగాదా అంతా యాసంగిలోనే. చెరువులో సగమో పావో నీళ్ళుంటాయి, నాటు వేయాలని మాత్రం అందరికీ ఉంటుంది. పెద్దమనుషులు కట్ట మీద కూర్చుని ఏ తూము కింద ఎంత పారుతుందో తేల్చేవాళ్ళు, దాన్ని తైబందీ అనేవాళ్ళు. ఆ తర్వాత అంతా నీరటి చేతిలో ఉండేది.

తాత పార భుజాన వేసుకుని, కందిలి పట్టుకుని రాత్రంతా కాలువ వెంట తిరిగేవాడు. కింది నుంచి పైకి పారించుకుంటూ వచ్చేవాడు. ముందు చివరి మడి, ఆఖరున తూము పక్క మడి. ఎందుకంటే పై పొలంవాడికి ముందే ఇస్తే, తన మడి నిండాక కాలువ ఏమైపోయినా అతనికి పట్టదు. ఆఖరున ఇస్తామంటే, కింది పొలాలు తొందరగా పారాలని అతనే తిరిగి గండ్లు పూడుస్తాడు. పై పొలంవాడి స్వార్థాన్ని తీసేయలేదు, కింది పొలానికి పనికొచ్చేట్టు తిప్పారు. ఈ వరస ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళకు మనిషి స్వభావం గురించి చాలా తెలుసు.

వంతు అయిపోయిన మడవకు గడ్డిపెళ్ళలు అడ్డం వేసి మట్టి మెత్తి, తడి మట్టి మీద ఐదు వేళ్ళతో గీతలు గీసి పోయేవాడట. తెల్లారి వచ్చి చూస్తే గీతలు గీతల్లాగే ఉండాలి. మట్టి నున్నగా ఉంటే రాత్రి ఎవరో తీసి మళ్ళీ మూశారన్నమాట. ఆ పొలానికి తర్వాతి వంతులో కోత పడేది. జీతం లేదు. పంట కోసి కల్లం చేసినప్పుడు ప్రతి రైతూ తన కల్లం దగ్గరే మేర, అంటే కూలి గింజలు, కొలిచి ఇచ్చేవాడు. నీళ్ళు సరిగా అందని రైతు కొలిచేటప్పుడు చెయ్యి ముడుచుకునేవాడు. అంటే నీళ్ళకు కాపలా నీరటి, నీరటికి కాపలా కల్లం. నీ రెండో ప్రశ్నకు నాకు దొరికిన సగం జవాబు ఇది.

ఇక్కడితో ఆపితే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఊళ్ళో ఒక పెద్ద ఇల్లు ఉండేది. ఆ ఇంటి పొలానికి వంతు లేదు, తైబందీ లేదు. కబురు వస్తే తాత తూము తీయాల్సిందే, అది చివరి రైతు వంతైనా సరే. ఎవరికి చెప్పుకుంటాడు? పటేలు ఆ ఇంటివాడే, పట్వారీ ఆ ఇంటి మాట దాటడు. రాత్రంతా ఊరందరి పొలాలకు నీళ్ళు పంచిన మనిషి ఇంటి ఆడవాళ్ళు ఊరి బావిలో చేద వేయడానికి లేదు. ఎవరైనా నీళ్ళు పోస్తే పట్టుకోవాలి. మా నాయనమ్మ ఈ సంగతి చెప్తూ ఎన్నోసార్లు మధ్యలో ఆపేసేది.

కాబట్టి ‘ఊరు తనను తాను చక్కగా పాలించుకునేది, సర్కారు వచ్చి చెడగొట్టింది’ అని ఎవరైనా రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 1927లో మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగడానికి అంబేడ్కర్ దళితులను వెంటబెట్టుకుని ఎందుకు పోవాల్సి వచ్చింది? అది కూడా ఊరి చెరువే. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ఆయన, ఊరంటే సంకుచితత్వపు గుంట అన్న అర్థం వచ్చేట్టు మాట్లాడితే చాలామంది నొచ్చుకున్నారు. మా నాయనమ్మ ఆ సభలో ఉంటే నొచ్చుకునేది కాదు. ఊరికి పైన ఇంకో అధికారం లేకపోతే, ఊళ్ళో బలమైనవాడే ఆ ఊరికి హాబ్స్ చెప్పిన రాజు. మా జిల్లాల్లో వెట్టి నడిచింది అట్లాగే. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయింది కూడా అట్లాంటి ఒక ఇంటి ముందే.

ఇప్పటి సంగతికి వస్తాను. చెరువు మీద ఆశ తగ్గి అందరం బోర్లు వేసుకున్నాం. నీరటి పోయాడు, ఎవరి మోటర్ వాళ్ళది. రాత్రీ పగలూ కాని టైముల్లో కరెంటు వచ్చే రోజుల్లో ప్రతివాడూ ఆటో స్టార్టర్ పెట్టుకున్నాడు. కరెంటు రాగానే మోటర్ దానంతటదే నడుస్తుంది, చీకట్లో లేచి పోయే పని లేదు. కానీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటర్లన్నీ ఒక్క క్షణంలో లేస్తే అది ఎంతకని ఆగుతుంది? కాలిపోయేది. మళ్ళీ మేమే చందాలు వేసుకుని, దించి, ట్రాక్టర్ మీద వేసుకుని రిపేరుకు తీసుకుపోయేవాళ్ళం. అది తిరిగి వచ్చేలోపు పొట్ట మీదున్న వరి ఎండిపోయేది. ఆటో స్టార్టర్లే కారణమని మాకందరికీ తెలుసు. ఒక్కడూ తీసేవాడు కాదు. నేనొక్కణ్ణే తీస్తే నా మోటర్ ఆగుతుంది, పక్కవాడిది నడుస్తుంది, భూమిలో నీళ్ళు అటు పోతాయి.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. ఇక స్టార్టర్‌తో పనే లేదు కదా, అయినా చాలామంది తీయలేదు. నిద్రపోతున్నప్పుడు కూడా మోటర్ నడుస్తూ, నిండిన మడిలోకే నీళ్ళు పోస్తూ ఉండేది. తీసేయండని సర్కారు కూడా చెప్పింది. సార్ చెప్పిన అపనమ్మకం అంటే మా పొలాల్లో ఆ చిన్న పెట్టె. మా ట్రాన్స్‌ఫార్మర్ కింద చెడ్డవాడు ఒక్కడూ లేడు, ఆ మాట నేను గుండె మీద చెయ్యి వేసుకుని చెప్తాను.

ఇంకొక్కటి చదువు, ఎలినార్ ఆస్ట్రం. 1990లో వచ్చిన ఆమె పుస్తకం ఉమ్మడి నీళ్ళు, ఉమ్మడి బీళ్ళ గురించి. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమె. ఉమ్మడి ఆస్తి ఉంటే జనం దాన్ని నాశనం చేసుకుంటారు, సర్కారుకైనా ఇవ్వాలి, ప్రైవేటుకైనా ఇవ్వాలి అని అందరూ అంటున్న కాలంలో, జనమే నియమాలు పెట్టుకుని వందల ఏళ్ళు నడిపిన చోట్లు ఉన్నాయని చూపించింది. స్పెయిన్‌లో వలెన్సియా కాలువల రైతులు తమలోంచి ఎన్నుకున్నవాళ్ళు ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి తలుపు దగ్గర కూర్చుని నీళ్ళ తగాదాలు నోటిమాటగానే తీరుస్తారు. అది చదువుతుంటే నాకు మా కట్ట మీద తైబందీ కళ్ళకు కట్టింది. అయితే ఆమె ఒక షరతు కూడా చెప్పింది: కాపలా ఉండేవాడు రైతులకు జవాబుదారీగా ఉండాలి, రైతులు పెట్టుకున్న నియమాన్ని పైనున్న ప్రభుత్వం గుర్తించాలి. మా తాత కాలంలో మొదటిది సగం ఉంది, రెండోది అసలు లేదు.

తాడ్వాయి_తమ్ముడు

మత్తడి అన్నా, మీ నాయనమ్మ సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ నాకు వేరే బాధ ఉంది, చెప్తాను.

మాది అడవి పక్క ఊరు. ప్రభుత్వం ఎందుకు అవసరమో రాసినవాళ్ళంతా ఎక్కడ కూర్చుని రాశారు? హాబ్స్ రాజకుమారుడికి లెక్కలు చెప్పాడు. కౌటిల్యుడు మంత్రి అంటారు. హాబ్స్ తన వాదనకు ఉదాహరణగా ఎవరిని చూపించాడో అక్కా మీరు మళ్ళీ చూడండి. అమెరికాలో చాలాచోట్ల ఉన్న ఆటవికులకు ప్రభుత్వమే లేదు, వాళ్ళు ఇప్పటికీ పశువుల్లా బతుకుతున్నారు అన్నాడు. ఆయన ఆ జనాన్ని చూడలేదు, అమెరికా పోలేదు. లాక్ ఇంకో అడుగు ముందుకు వేసి, దున్ని కంచె వేయని భూమి వృథాగా పడి ఉన్న భూమే అన్నాడు. మా పోడు భూములను చూసి ‘ఖాళీ జాగా’ అన్నవాళ్ళ నోట నేను అదే మాట విన్నాను. మా అమ్మ ఆ ఖాళీ జాగాలోనే జొన్న పండించి నన్ను చదివించింది.

మేడారం కథ మీ అందరికీ తెలుసు. కరువు వచ్చింది, పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోయాడు. కరువని చూడకుండా ఓరుగల్లు నుంచి సైన్యం వచ్చింది. సమ్మక్క, సారలమ్మ పోరాడారు, జంపన్న సంపెంగ వాగులో పడి ప్రాణం విడిచాడు. రెండేళ్ళకోసారి కోటిమంది వచ్చి బంగారమని బెల్లం పెట్టి మొక్కేది కప్పం అడిగిన రాజుకు కాదు, కట్టమన్నవాళ్ళకు ఎదురు నిలిచిన తల్లీబిడ్డలకు. మీరు చెరువులు తవ్వించిన కాకతీయులను చూస్తారు, మేము కప్పానికి వచ్చిన కాకతీయులను చూస్తాం. ఇద్దరూ ఒక్కటే. మనువును జనమే పోయి అడిగారని సార్ చెప్పిన కథ అందంగా ఉంది గానీ, మా వైపు ఎవరూ పోయి అడగలేదు.

మనిషి స్వభావం ఎట్లా ఉన్నా సరే, రాజ్యం మా దగ్గరికి అవసరంగా రాలేదు, వసూలుకు వచ్చింది. నా సెమినార్ అయితే నేను అక్కడి నుంచి మొదలుపెడతాను.

హన్మకొండ_పీజీ

అందరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా రాస్తారనుకోలేదు.

తమ్ముడూ, హాబ్స్ అమెరికా వాక్యం పదమూడో అధ్యాయంలోనే ఉంది. మా నోట్సులో ఆ అధ్యాయం నుంచి రెండు పేరాలు ఇచ్చి, ఈ ఒక్క ముక్క వదిలేశారు. దాన్ని సెమినార్‌లో తప్పకుండా చదువుతాను. కానీ నీతో ఒక్క దగ్గర వాదిస్తాను. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకూడదని పెట్టిన 1/70 చట్టం కూడా సర్కారు చేసిందే. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాకే పోడుకు పట్టా అడిగే దారి దొరికింది. సక్రమంగా అమలు కాలేదని నువ్వంటావు, నేనూ ఒప్పుకుంటాను. అయినా బయటి బలవంతుడు వచ్చినప్పుడు చేతిలో పట్టుకోవడానికి ఏదో ఒక కాగితం కావాలి కదా? ఆ కాగితానికి విలువ ఇచ్చేది ఎవరు?

కాకతీయుల గురించే ఇంకొకటి. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం మా హిస్టరీ ఫ్రెండ్ చూపించింది. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని సరుకంతా అంతకుముందు రాజులు బలవంతంగా లాక్కునేవాళ్ళట. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద తిరిగే వర్తకులకు, న్యాయంగా రావాల్సిన సుంకం తప్ప మిగతా అంతా వదిలేస్తున్నాం అని ఇతను రాయించాడు. లాక్కునేది రాజే అని రాజే రాతి మీద ఒప్పుకోవడం నాకు చాలా పెద్ద సంగతి అనిపించింది. 1788లో అమెరికాలో, అక్కడి రాజ్యాంగం రాసినవాళ్ళలో ఒకడైన మాడిసన్ రాసిందీ ఇదే బాధ: మనుషులు దేవదూతలైతే ప్రభుత్వమే అక్కర్లేదు, దేవదూతలే పాలిస్తే ప్రభుత్వం మీద కట్టడి అక్కర్లేదు. ముందు జనాన్ని అదుపు చేసే శక్తి ప్రభుత్వానికి ఇవ్వాలి, తర్వాత అది తనను తాను అదుపు చేసుకునేట్టు కట్టడి చేయాలి.

కానీ గణపతిదేవుడు తన మాట తప్పితే అడిగేవాడు ఎవడు? రాయి లేచి అడగదు. మత్తడి అన్నా, మీ కల్లం లెక్క మంచిదే, పెద్ద ఇంటి ముందు అది పనిచేయలేదని మీరే రాశారు. మరి మీ ట్రాన్స్‌ఫార్మర్ కింద చివరికి ఏం చేశారు? స్టార్టర్లు తీశారా?

మత్తడి_కింద

తాడ్వాయి తమ్ముడికి ముందు ఒక మాట. నువ్వన్నదాన్ని హ్యూమ్ కూడా 1748లో రాశాడు. ఇప్పుడున్న ప్రభుత్వాలు దాదాపు అన్నీ ఆక్రమణతోనో, దండెత్తి గెలవడంతోనో మొదలైనవే, జనం ఒప్పందం చేసుకుని పెట్టుకున్నవి కావు అన్నాడు. ఎట్లా వచ్చింది అన్నది వేరు, ఇప్పుడు దానితో మనం ఏం చేయించుకోవాలి అన్నది వేరు. మొదటిదాంట్లో నేను పూర్తిగా నీ వైపే.

చెల్లె, స్టార్టర్లు తీశాం. ‘ఎవరికి వాళ్ళు తీసుకోండి’ అని చెప్పి వదిలేస్తే జరిగేది కాదు. ఒకే పొద్దున అందరం కలిసి మొదటి మోటర్ నుంచి చివరి మోటర్ దాకా నడిచాం. ప్రతి పెట్టె నుంచీ అందరి కళ్ళ ముందే తీసి ఒక సంచిలో వేశాం. తన కంటే ముందు ఎవరూ తీయలేదు, తన తర్వాత ఎవరూ మిగల్లేదు అని ప్రతివాడికీ తెలిసింది. సంచి ఎవరి ఇంట్లో ఉండాలన్న దగ్గర కొంచెం మాటామాటా అయింది. అందరికంటే బోరు తక్కువ లోతున్న ఒక ఒంటరి ఆడమనిషి ఇంట్లో పెట్టాలని తేలింది. నీళ్ళు తగ్గితే ముందు ఎండేది ఆమె పొలమే, కాబట్టి ఆమె ఎవరి మొహమాటానికీ తిరిగి ఇవ్వదు.

ఒక పంట బాగా నడిచింది. తర్వాతి యాసంగిలో ఒకాయన కొత్తది కొని పెట్టుకున్నాడు. భూమి ఎక్కువ, ఊళ్ళో సగంమందికి అప్పులిచ్చిన మనిషి. జరిమానా అడిగితే ‘మీరెవరు నన్ను అడగడానికి’ అన్నాడు. ఆ మాటకు మా దగ్గర నిజంగానే జవాబు లేదు. మేము పెట్టుకున్న నియమం మా మధ్యనే ఉంది, దాని మీద ఎవరి ముద్రా లేదు. కరెంటు సిబ్బందిని అడిగితే, ఊరివాళ్ళు రాసిస్తే వచ్చి తీయిస్తామన్నారు. కాగితం రాశాం. ముగ్గురు సంతకం పెట్టలేదు, ముగ్గురూ ఆయన దగ్గర అప్పున్నవాళ్ళు. వాళ్ళను ఎవరం ఏమీ అనలేదు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ పెట్టేవాణ్ణి కాదేమో.

కాగితం పోయింది, సిబ్బంది వచ్చారు, స్టార్టర్ తీశారు. కానీ సంతకాలు చూశాక ఆయన ఒకరిద్దరిని అప్పు మొత్తం ఒక్కసారే కట్టమని కూర్చోబెట్టాడు. అప్పుడు ఆ సంచి ఇంట్లో పెట్టుకున్న ఆవిడే చెప్పింది: ఇక మీద సంతకాలొద్దు, చీటీలు వేద్దాం, ఎవరు ఏమన్నారో తెలియకూడదు అని. మాలో చదువుకున్నవాళ్ళం చాలామందిమి ఉన్నాం, ఓట్లు ఎందుకు రహస్యంగా వేస్తారో పుస్తకాల్లో చదివినవాళ్ళమే. మా పొలం దగ్గర దాని అవసరం చూపించింది మాత్రం ఆవిడ.

ఈ యాసంగి నాట్లకు ముందు చీటీలు వేస్తున్నాం. జరిమానా ఎంత, ఎవరు వసూలు చేయాలి, వసూలు చేసినవాడు లెక్క ఎప్పుడు చెప్పాలి అన్న మూడింటి మీద. తీర్మానాన్ని గ్రామసభలో పెట్టి పంచాయతీ రిజిస్టర్‌లో రాయించాలని అనుకున్నాం, రేపు మళ్ళీ ‘మీరెవరు’ అంటే చూపించడానికి. చీటీలు లెక్కపెట్టేది ఎవరన్నది ఇంకా తేలలేదు. అప్పిచ్చిన మనిషి వద్దు, అప్పున్నవాళ్ళూ వద్దు, ఆయనతో తగాదా ఉన్న నేనూ వద్దు. బడి పంతులు పక్క మండలం నుంచి వచ్చిపోతాడు, ఈ ఊళ్ళో గుంట భూమి లేదు. సోమవారం పోయి ఆయన్ను అడుగుతాం.